ముందు ముంచు, తర్వాత స్విచ్

మా అన్న మనవరాలు ఈ మధ్యే ఉద్యోగంలో చేరింది. సర్క్యూట్లు డిజైన్ చేసే పని. మొదటి వారంలోనే ఫోన్ చేసి, "తాతా, ఆసిలేటర్ స్టెబిలిటీ చూడనీకి మా సాఫ్ట్‌వేర్ల నాలుగు పద్ధతులున్నయి. ఏది నొక్కాలె?" అని అడిగింది. ఉప్మాలో జీడిపప్పు వెయ్యాలా పల్లీలు వెయ్యాలా అన్నంత తేలిగ్గా అడిగింది పిల్ల. ఒక్క ముక్కలో చెబుదామని మొదలుపెట్టాను. అరగంట గడిచినా బాలమణి దగ్గరికి రాలేదు. బాలమణి సంగతి చెప్పకుండా ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఈలోగా పిల్ల మీటింగుకు టైమైంది. అందుకని రాస్తున్నాను, తీరిక చేసుకుని చదువుకుంటుంది.

ప్రమోషన్ల గురించి రాయను. వచ్చినవి తక్కువ. వచ్చినప్పుడల్లా కుర్చీ మారింది కానీ నెత్తిమీద ఫ్యాను మారలేదు.

బస్సును తోసిన ఇంజనీర్లు

మాది సంగారెడ్డి బజారులో కిరాణా దుకాణం. మా నాన్న, తాత, ముత్తాత అందరూ గల్లా ముందు కూర్చున్నవాళ్ళే. నేను ఎలక్ట్రానిక్స్ చదువుతానంటే మా నాన్న, "రేడియోలు బాగుచేస్తవారా?" అన్నాడు. కాదు నాన్నా, అంతకంటే పెద్దది అన్నాను. "పెద్ద రేడియోలా?" అన్నాడు. చివరిదాకా ఆయన లెక్కలో నేను పెద్ద రేడియోలు బాగుచేసేవాడినే.

డెబ్బైల నడిమి రోజులు. పటాన్‌చెరు చుట్టుపక్కల జొన్న చేలల్లో రేకుల షెడ్లు లేస్తున్నాయి. అలాంటి ఒక షెడ్డులో మా కంపెనీ. పట్టుమని పాతికమందిమి లేము. ఫ్యాక్టరీలకు కావలసిన చిన్నచిన్న కొలత పరికరాలు, అలారం గంటలు చేసేవాళ్ళం. సంగారెడ్డి నుంచి మమ్మల్ని తీసుకెళ్ళే బస్సు బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. పొద్దున్నే అందరం దిగి తోయాలి. డిగ్రీ ఉన్నవాళ్ళు వెనక నుంచి, లేనివాళ్ళు పక్కనుంచి. అదేం నియమమో, ఎవరు పెట్టారో తెలియదు. పది గజాలు తోస్తే దగ్గి దగ్గి స్టార్టయ్యేది. ఒకసారి స్టార్టయితే మాత్రం పటాన్‌చెరు దాకా ఎక్కడా ఆగేది కాదు.

మా చీఫ్ ఇంజనీరు రజాక్ సాబ్. వయసంతా వైర్‌లెస్ సెట్ల మధ్య గడిపి వచ్చిన మనిషి. చొక్కా జేబులో స్లైడ్ రూల్ ఉండేది. చాయ్ సాసర్లో పోసుకుని తాగుతూ ఆ స్లైడ్ రూల్‌తో లెక్క కట్టేవాడు. సాసర్ ఖాళీ అయ్యేలోపు జవాబు వచ్చేది. నన్ను పేరు పెట్టి ఎన్నడూ పిలవలేదు. "సేటూ" అనేవాడు. ఆయన్ను చూసి షెడ్డంతా సేటూ అనడం మొదలుపెట్టింది. పరాచికానికి పుట్టిన పేరు నా జీతం చీటీ మీదికి తప్ప అన్నిచోట్లకీ ఎక్కింది.

మైకు కూత

ఆసిలేటర్ అంటే ఏమిటో తెలియని వాళ్ళ కోసం ఒక మాట. పెళ్ళి పందిట్లో మైకును లౌడ్ స్పీకర్ ముందుకు తెస్తే కుయ్యిమని కూస్తుంది కదా. స్పీకర్లోంచి వచ్చిన చప్పుడు మళ్ళీ మైకులోకి దూరి, పెరిగి, బయటికొచ్చి, మళ్ళీ దూరి, అలా తనను తానే పెంచుకుంటుంది. దాన్నే ఫీడ్‌బ్యాక్ అంటాం. పందిట్లో అది గోల. మా షెడ్డులో అదే అన్నం పెట్టేది. కొన్ని సర్క్యూట్లు అలా కూయాలి, కొన్ని చచ్చినా కూయకూడదు. ఏది కూస్తుందో, ఏది కూయదో తయారుచేయకముందే చెప్పడం మా పని.

రజాక్ సాబ్ పద్ధతి ఒకటే. ఆ చుట్టూ తిరిగే దారిని ఒకచోట తెంపుతాడు. ఒక కొసన చిన్న సిగ్నల్ పెట్టి, తిరిగి రెండో కొసకు ఎంత వచ్చిందో, ఎంత ఆలస్యంగా వచ్చిందో కొలుస్తాడు. ఒక్కో ఫ్రీక్వెన్సీకి గ్రాఫు కాగితం మీద ఒక్కో చుక్క. చుక్కలన్నీ కలిపి గీత గీస్తే, ఆ గీత ఒక గుర్తును చుట్టుకుందా, సర్క్యూట్ దానంతటదే లేచి కూస్తుంది. చుట్టుకోలేదా, పడుకునే ఉంటుంది. ఒక సర్క్యూట్‌కు రెండు రోజులు పట్టేది. నాకు విసుగు.

"సేటూ, ముందుగాల అది నిద్రల ఉన్నప్పుడు జూడాలె," అనేవాడు. "చీమంత సిగ్నల్ ఇయ్యి. పెరుగుతదా, తగ్గుతదా? పెరిగితె లేస్తది. లేచినంక ఎంత జోరుగ ఉరుకుతదో గదంత బాద్‌మే."

నేను తల ఊపేవాడిని. మనసులో మాత్రం, ఈ పెద్దమనిషికి కంప్యూటర్ గురించి ఎవరు చెబుతారా అనుకునేవాడిని.

చింతపండు పొట్లాలు

నగరంలో యూనివర్సిటీలో కంప్యూటర్ ఉండేది. నా క్లాస్‌మేటు అక్కడ పనిచేస్తుండబట్టి నాకు అప్పుడప్పుడు కాస్త సమయం దొరికేది. సర్క్యూట్‌ను సమీకరణాలుగా రాసి, కార్డులకు చిల్లులు పొడిచి, డబ్బాలో పెట్టుకుని బస్సులో వెళ్ళేవాడిని. రెండు రోజుల తర్వాత వెళితే చాప చుట్టంత ప్రింటవుట్. క్షణక్షణానికి వోల్టేజీ ఎంతో చుక్కల్లో అలలా అచ్చయి ఉండేది. సర్క్యూట్ కళ్ళముందు కదులుతున్నట్టే ఉండేది. దానిముందు రజాక్ సాబ్ గ్రాఫు కాగితం నాకు పిల్లకాయల బొమ్మలా కనబడేది.

మొదటిసారి అది నా పరువు తీసింది. ఒక ఆంప్లిఫయర్ కూస్తుందని ప్రింటవుట్ చెప్పింది. షెడ్డంతా చాటాను. రజాక్ సాబ్ దాన్ని టేబుల్ మీద కలిపి స్విచ్ వేశాడు. చప్పుడు లేదు.

"నీ కాయిదంల మోగుతున్నది. నా టేబుల్ మీద మోగుతలేదు. ఇద్దర్ల జూటా ఎవరిది సేటూ?"

జూటా నాదే. కంప్యూటర్ సమయం తక్కువ దొరుకుతుందని లెక్కలో పెద్దపెద్ద అడుగులు వేశాను. అలల వంపు దగ్గర పెద్ద అడుగు వేస్తే ప్రతిసారీ కొంచెం బయటికి పడతాం. వేల అడుగులయ్యేసరికి ఆ కొంచెం కొంచెం చేరి, లేని కూతను పుట్టించింది. ఇంకో పద్ధతి ఉంది, అది ప్రతి అడుగుకూ కొంచెం లోపలికి పడుతుంది. అది నిజంగా ఉన్న కూతను కూడా నొక్కి చంపేస్తుంది. లెక్క కట్టే పద్ధతికి కూడా ఒక స్వభావం ఉంటుందని అప్పుడు తెలిసింది. అడుగు చిన్నది చేశాక ప్రింటవుట్, టేబుల్ ఒకటే చెప్పాయి. ఇక దాని తంటాలన్నీ నాకు తెలిసిపోయాయనుకున్నాను. నా అసలు తప్పు అలా అనుకోవడమే.

పాత ప్రింటవుట్లు మా నాన్న కంట పడ్డాయి. "కాయిదం గట్టిగున్నదిరా. ఒక పక్క ఖాళీనే ఉన్నది," అన్నాడు. కొన్ని నెలలపాటు సంగారెడ్డిలో చింతపండు ఆసిలేటర్ లెక్కల్లోనే ఇళ్ళకు వెళ్ళింది. నా చదువు ఊరికి ఉపయోగపడలేదని ఎవరూ అనలేరు.

గోడ మీది రూలు

మాకు పేరు తెచ్చిన సామాను ట్యాంకు గంట. మందుల ఫ్యాక్టరీల్లో ఆసిడ్ ట్యాంకులు ఉంటాయి. పంపుతో నింపుతుంటారు. ట్యాంకులో పైనుంచి మా లోహపు కడ్డీ వేలాడుతుంటుంది. ఆసిడ్ కడ్డీని తాకగానే మా డబ్బాలో ఫీడ్‌బ్యాక్ దారి పూర్తయి ఆసిలేటర్ లేస్తుంది. అది లేస్తే గంట మోగుతుంది, పంపు ఆగిపోతుంది. లేవకపోతే ఆసిడ్ పొంగి, కింద నిలబడ్డవాడి మీద పడుతుంది.

దీన్ని బకెట్ నీళ్ళతో పరీక్షించేవాళ్ళం. చేరిన కొత్తలో నేను ఒక చేత్తో కడ్డీ, ఒక చేత్తో బకెట్ పట్టుకుని, స్విచ్ వేసి ఉండగానే ముంచాను. ట్రాన్స్‌ఫార్మర్ లీకేజీ, షాక్ కొట్టింది. ఎగిరి వెళ్ళి ఖాళీ డ్రమ్ముల మీద పడ్డాను. రజాక్ సాబ్ నన్ను లేపి, తన సాసర్లోని చాయ్ నాకు తాగించి, సుద్దముక్క తీసుకుని గోడ మీద రాశాడు: ముందు ముంచు, తర్వాత స్విచ్. లీకేజీని నెలలోపే సరిచేశాం. రూలు మాత్రం గోడ మీదే ఉండిపోయింది. సుద్ద చెరిగిపోతుంటే ఎవరో పెయింటుతో దిద్దారు కూడా. నా పుణ్యాన పుట్టిన రూలని అందరూ నవ్వేవాళ్ళు, నేనూ కాస్త గర్వపడేవాడిని.

కొన్నాళ్ళకు కంప్లైంట్లు వచ్చాయి. ఆసిడ్ ఆవిరి కడ్డీ మీద చెమటలా పట్టి, ట్యాంకు సగమైనా నిండకముందే గంట మోగుతోందట. ఒకచోట పనివాళ్ళు విసిగిపోయి గంటలో పాత బనియను కుక్కారు. నేను రంగంలోకి దిగాను. ట్రాన్సిస్టర్ ఊరికే ఉన్నప్పుడు దానికి వెళ్ళే కరెంటు తగ్గించాను. నిద్ర కాస్త గాఢంగా ఉంటే చెమటకు లేవదు కదా అని. తప్పుడు మోతలు ఆగిపోయాయి.

ఆసిడ్‌కు లేస్తుందో లేదో కంప్యూటర్‌లో చూశాను. అన్నీ సున్నా దగ్గర మొదలుపెట్టి లెక్కిస్తే సున్నాలే వస్తాయి. నిజం సర్క్యూట్‌లో ఉండే సన్నటి రొద కంప్యూటర్లో ఉండదు. అందుకని కడ్డీ మునిగి ఉన్నట్టు, మొదటి క్షణంలో కరెంటు ఒక్కసారిగా వచ్చినట్టు రాశాను. అల లేచింది, పెరిగింది, నిలకడగా నిలిచింది. ఈసారి అడుగులు చిన్నవే. తప్పు పట్టడానికేమీ లేదు.

రజాక్ సాబ్ కంటి ఆపరేషన్‌కు సెలవు పెట్టాడు. వెళ్తూ, "కొత్త సర్క్యూట్‌కు గ్రాఫు గియ్యి, మర్చిపోకు," అన్నాడు. మర్చిపోలేదు. కావాలనే గీయలేదు.

"దీన్ల నీళ్ళు ఏడున్నయి సార్?"

మా టెస్టింగు టేబుల్ మీద బాలమణి పనిచేసేది. ఇస్నాపూర్ మనిషి, నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. అంతకుముందు కూలికి నాట్లు వేసిన చెయ్యి. ఆ చేత్తో వేసిన టంకానికి వంక పెట్టగలిగిన వాడు మా షెడ్డులో లేడు. ఆమె భర్త నర్సింలు బొల్లారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో ఆసిడ్ ట్యాంకుల దగ్గర పనిచేసేవాడు. మా కొత్త గంటలు మొదట వెళ్ళేది అక్కడికే.

ఒకరోజు ఆమె నన్ను పిలిచింది.

"సార్, జెర ఇటు రాండ్రి. ఇది మోగుతలేదు."

"ఏమైంది?"

"టేబుల్ స్విచ్ ఖరాబయింది సార్, బందయితలేదు. ఇగ దాన్ని ఆన్‌లనే ఉంచి, ఖాళీ బకెట్ల కడ్డీ వెట్టి, చెంబుతోని మెల్లగ నీళ్ళు వోసిన. కడ్డీ మునిగింది గని గంట మోగలె."

"రూలు ప్రకారం చేసినవా మరి?"

ప్లగ్ పీకి మళ్ళీ పెట్టాను. గంట ఠంగుమని మోగింది. చూసినవా అన్నట్టు చూశాను.

"మోగింది సార్. గని ట్యాంకుల ముందుగాల ఆసిడ్ నింపి, తర్వాత స్విచ్ ఏస్తరా? ఆడ స్విచ్ ఎప్పుడు ఏసే ఉంటది గదా."

ఆ మాట సూదిలా దిగవలసింది. దిగలేదు. నా బల్ల దగ్గరికి వెళ్ళి ప్రింటవుట్ తెచ్చి ఆమె ముందు పరిచాను. ఇది కంప్యూటర్ లెక్క, క్షణంలో వెయ్యో వంతు కూడా వదలకుండా చూసింది, మోగుతుంది అని చెప్పాను. ఆమె వంగి ఆ చుక్కల వరసల్ని శ్రద్ధగా చూసింది.

"దీన్ల నీళ్ళు ఏడున్నయి సార్?"

నేను నవ్వాను. పక్కవాళ్ళు కూడా నవ్వారు. భోజనాల దగ్గర ఆ మాట మరో ఇద్దరికి చెప్పి నవ్వించాను.

ఆమె నవ్వలేదు. "ఆ ట్యాంకు కాడ మా ఇంటాయన నిలవడ్తడు సార్," అంది.

"ఇంకా మంచిది. గంట కొట్టంగనే అందరికంటె ముందు ఆయనకే ఇనబడ్తది," అన్నాను.

హాస్యమనుకునే అన్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది. ఆమె రూలు ప్రకారం అన్ని డబ్బాలూ పరీక్షించింది. అన్నీ మోగాయి. పంపించాం.

బొల్లారం

మూడు వారాలకు ఆ ఫ్యాక్టరీ నుంచి కబురు. మీ గంట మోగలేదు, రండి అని. స్కూటర్ వేసుకుని వెళ్ళాను. ట్యాంకు పక్కన ఫోర్‌మన్ కోపంగా నిలబడి ఉన్నాడు. ఆయన ముందు నర్సింలు. బక్కపల్చటి మనిషి, చేతిలో తడిగుడ్డ.

జరిగింది ఇది. లారీ నుంచి ఆసిడ్ ట్యాంకులోకి ఎక్కుతోంది. ట్యాంకు పక్కన మట్టం చూపే గాజు గొట్టం ఒకటి ఉంది, మసకబారి చాలాకాలమైంది. గంట వచ్చాక దాన్ని ఎవరూ చూడటం లేదు. నర్సింలు మాత్రం ట్యాంకు నింపినప్పుడల్లా గుడ్డతో దాన్ని తుడుచుకుంటూ అక్కడే నిలబడేవాడట. మిగతావాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళట. ఆవేళ మట్టం గీత దాటింది. గంట మోగలేదు. అతనే ఉరికి పంపు బంద్ చేశాడు. ఇంకాస్త ఆగితే పొంగేది.

కడ్డీ ఇంకా ఆసిడ్‌లోనే ఉంది. నేను గంట డబ్బా స్విచ్ తీసి మళ్ళీ వేశాను. ఠంగుమని మోగింది. నాకు ఎంత ఊరటో చెప్పలేను. ఆ ఊరటలో నోటికి వచ్చిన మాట అనేశాను.

"మా సామాను మంచిగనే ఉన్నది. అప్పుడు స్విచ్ బంద్ ఉండి ఉంటది."

ఫోర్‌మన్ నర్సింలు వైపు తిరిగాడు. "స్విచ్ సూసుకునేది నీ డ్యూటీ కాదార?"

"స్విచ్ నేను ముట్టలె సార్. ఏసే ఉండె."

"ఇంజనీరు సార్ ఎదురుంగ మోగించి సూపెట్టిండు గదరా. జూటా మాట్లాడుతవా?"

నర్సింలు నా వైపు చూశాడు. ఏదో చెబుతాడనుకున్నాను. చెప్పలేదు. గుడ్డ పిండుకుంటూ తల దించుకున్నాడు. ఫోర్‌మన్ అడిగితే కాగితం కూడా రాసిచ్చాను: పరికరం సక్రమంగా ఉంది, స్విచ్ వేయకపోవడం కారణం కావచ్చు. ఆ "కావచ్చు" నా నిజాయితీ అనుకున్నాను. ఆ కాగితం చూపించి మర్నాటి నుంచి పనిలోకి రావద్దన్నారు నర్సింలును. మేనేజర్ వచ్చాక ఉంచాలో తీసేయాలో చెబుతారట.

చెంబెడు నీళ్ళు

మర్నాడే రజాక్ సాబ్ సెలవు ముగించుకుని నల్ల అద్దాలతో వచ్చాడు. బాలమణి నన్ను దాటుకుని నేరుగా ఆయన దగ్గరికి వెళ్ళింది.

"సాబ్, ఆ గోడ మీది రూలు ఒక్కపాలి పక్కకు వెట్టుండ్రి. స్విచ్ ఏసి, తర్వాత నీళ్ళు వొయ్యుండ్రి. మెల్లగ వొయ్యాలె."

అంతే అంది. ముందే నాకు చెప్పానని అనలేదు. నా పేరే ఎత్తలేదు. నేనూ ఆ సంగతి ఎత్తలేదు.

రజాక్ సాబ్ చెంబు నా చేతికి ఇచ్చాడు. పోశాను. నీళ్ళు కడ్డీని తాకాయి, ఎక్కాయి, కడ్డీ సగం మునిగింది. గంట మోగలేదు. చెంబు మళ్ళీ మళ్ళీ నింపుకుని పోస్తూనే ఉన్నాను. బకెట్ నిండి పొర్లి నా చెప్పులు తడిశాయి. షెడ్డులో ఎవరూ నవ్వలేదు, అది మరీ కష్టంగా ఉంది. అప్పుడు రజాక్ సాబ్ స్క్రూడ్రైవర్ కొసను సర్క్యూట్‌కు అలా తాకించి తీశాడు. గంట మోగింది. ఇక ఆగకుండా మోగుతూనే ఉంది.

"ఇప్పుడు దాన్ని ఎవరు తోసిండ్రు సేటూ?"

నేను చెంబు కింద పెట్టాను.

"రోజు పొద్దుగాల బస్సు తోసి వస్తవు గదా. తోస్తె స్టార్టయితది. అయినంక పటాన్‌చెరు దాక ఉరుకుతది. అంటె ఆ బస్సు మంచిగున్నట్టేనా?"

స్విచ్ వేసిన క్షణంలో సర్క్యూట్‌కు ఒక కుదుపు తగులుతుంది. ఆ కుదుపే తోపు. మా బకెట్ పరీక్షలో ప్రతిసారీ ఆ తోపు తగిలింది, ఎందుకంటే రూలు అలా ఉంది. నా కంప్యూటర్ లెక్కలోనూ తగిలింది, ఎందుకంటే దాన్ని నేనే రాశాను. బొల్లారంలో నేను స్విచ్ తీసి వేసినప్పుడూ తగిలింది. ట్యాంకులో ఆసిడ్ నెమ్మదిగా ఎక్కేటప్పుడు తోసేవాడు ఎవడూ లేడు. నేను గాఢం చేసిన నిద్రలోంచి అది లేవలేదు.

ఆ తర్వాత కూర్చుని గ్రాఫు గీశాను. రెండు రోజులు పట్టింది. గీత ఆ గుర్తు దాకా రాకుండానే వెనక్కి మళ్ళింది. అంటే దానంతటది లేవదు. ఆ రెండు రోజులూ ముందే పెట్టి ఉంటే సరిపోయేది. డబ్బాలన్నీ వెనక్కి తెప్పించి, కరెంటు మళ్ళీ పెంచి, చెమట పట్టకుండా కడ్డీ పైన గొడుగులాంటి మూత పెట్టాం. కొన్నాళ్ళకు తీరునే తిరగేశాం. ఆసిలేటర్ ఎప్పుడూ నడుస్తుంటుంది, ఆసిడ్ తాకితే ఆగుతుంది, ఆగితే గంట. చెడిపోయినా గంటే మోగుతుంది. మొదటే అలా ఎందుకు చేయలేదని మీరు అడుగుతారు. తెలివి ఆలస్యంగా వచ్చింది.

ఇక మనవరాలి ప్రశ్నకు జవాబు. ఏ పద్ధతి నొక్కాలి అని అడగకు. ముందు, నేను ఏం అడుగుతున్నాను అని అడుగు. దానంతటది లేస్తుందా అన్నది ఒక ప్రశ్న. దానికి నిద్రలో ఉన్నప్పుడు చీమంత సిగ్నల్‌తో చూసే పద్ధతి కావాలి, మా రజాక్ సాబ్ గ్రాఫు లాంటిది. అయితే దారి తెంపినచోట సర్క్యూట్ మోసే బరువు, అంటే లోడ్, పోతుంది, ఆ బరువును మళ్ళీ పెట్టి చూడాలి, లేకపోతే ఆ గ్రాఫూ అబద్ధమే చెబుతుంది. లేచాక ఎంతకు పెరుగుతుంది, నిలుస్తుందా అన్నది వేరే ప్రశ్న. దానికి క్షణక్షణం లెక్కించే సిమ్యులేషన్ కావాలి. అందులో అడుగు సగం చేసి మళ్ళీ చూడాలి, జవాబు మారితే మొదటిదాన్ని చింతపండుకు ఇచ్చెయ్యాలి. ఆ లెక్కకు మొదటి తోపు ఎవరిచ్చారో, నిజం ట్యాంకులో దాన్ని ఇచ్చేవాడు ఉన్నాడో లేడో చూడాలి. నా ప్రింటవుట్ తప్పు చెప్పలేదు. నేను అడగని ప్రశ్నకు జవాబు దాన్నుంచి లాగాను. ఇంకోటి, నీ టెస్టింగు టేబుల్ మీద ఉన్న మనిషి "మోగుతలేదు" అంటే, ఆమె ఎలా చేసిందో అలాగే చేసి చూడు. నీ రూలు ప్రకారం చేసి చూపించకు.

ఆ మధ్యాహ్నం

చెంబు నీళ్ళు పోసిన ఆ పూటే రజాక్ సాబ్ నన్ను ఉత్తరం రాయమన్నాడు. "తప్పు నాది అని రాయి. అక్షరం తప్పులుంటె నేను దిద్దుత," అన్నాడు. రాశాను. స్విచ్ వేసే ఉందని, లోపం మా పరికరంలోనూ మా పరీక్షలోనూ ఉందని, నర్సింలు తప్పేమీ లేదని. రజాక్ సాబ్‌ను వెనక కూర్చోబెట్టుకుని స్కూటర్ మీద బొల్లారం వెళ్ళాను. ఆసిడ్ తీయించి, కడ్డీని ట్యాంకు దగ్గరే బకెట్‌లో పెట్టి ఫోర్‌మన్‌కు చూపించాం. స్విచ్ వేసి, నీళ్ళు పోసి. గంట మోగలేదు. ఫోర్‌మన్ బకెట్ కేసి, నా కేసి మార్చి మార్చి చూసి, ఉత్తరం తీసుకుని, గేటు దగ్గర కూర్చున్న నర్సింలును పిలిపించాడు. పొద్దుటి నుంచి అక్కడే కూర్చున్నాడట, ఎవరైనా పిలుస్తారేమోనని.

రేపటి నుంచి డ్యూటీకి రమ్మన్నారు. అతను దండం పెట్టి వెళ్ళబోతుంటే నేను వెనకాలే వెళ్ళాను.

"గంట ఉన్నా ఆ గాజు గొట్టం ఎందుకు తుడుసుకుంట నిలవడ్డవు నర్సింలూ?"

"మా ఆమె చెప్పింది సార్, ఆ గంట మోగదని."

"మరి నిన్న చెప్పకపోతివి? నేను స్విచ్ బందున్నదన్నప్పుడు, మా ఆమెనే చెప్పిందని ఒక్క మాట అనకపోతివి?"

అతను ఇబ్బందిగా అటూ ఇటూ చూశాడు.

"అంటె ఆమె నౌకరి వోతది గద సార్. నాది ఎట్లాగు పోయిందనుకున్న. ఇంట్ల ఒకలకన్న ఉండాలె గదా."

నేను మళ్ళీ ఆఫీసు గదిలోకి వెళ్ళాను. ఫోర్‌మన్ దగ్గర నా ఉత్తరం అడిగి తీసుకున్నాను. సంతకానికి పైన కాస్త జాగా ఉంది. అందులో రాశాను: "ఈ లోపాన్ని సామాను పంపకముందే మా టెస్టర్ బాలమణి నాకు చెప్పింది. నేను వినలేదు." రజాక్ సాబ్ నల్ల అద్దాలు తీసి, కాగితం కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, రెండుసార్లు చదివాడు. ఏమీ దిద్దలేదు.